నా నంబరు నాలుగు

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు ఇవ్వలేదని తిట్టుకునే ఉంటావు. "ఇంకా చుక్కలే లెక్కపెడుతున్నావా?" అని అడిగావు కదా, లేదురా, ఈ నెలంతా నన్ను నేనే లెక్కపెట్టుకున్నాను. ఒక ఉద్యోగానికి అప్లై చేశాను. ఎక్కడో ఇప్పుడే చెప్పను, దిష్టి తగులుతుంది. ఫారంలో మూడు గడులు: పరిశోధన పేపర్లు ఎన్ని, సైటేషన్లు (వాటిని ఇతరులు ఉదహరించిన సార్లు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత.

ఈ మూడోది 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త తెచ్చిపెట్టాడు. నీ పేపర్లలో నాలుగింటిని ఒక్కోదాన్ని కనీసం నాలుగుసార్లు ఇతరులు తమ పేపర్లలో ఉదహరించారనుకో, నీ నంబరు నాలుగు. ఒకే ఒక్క పేపరు రాసి, దాన్ని వెయ్యిమంది ఉదహరించినా నీ నంబరు ఒకటే. పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టు అడుగుతారు దీన్ని. నాది నాలుగు.

అదీ తిన్నగా రాలేదు. ఏడీఎస్ అని నాసా డబ్బుతో నడిచే డేటాబేస్ ఒకటుంది, ఖగోళంవాళ్లందరి చిట్టా అందులోనే ఉంటుంది. నా పేరు కొడితే సగం పేపర్లు లేవు. మొదట్లో ఇంటిపేరు చివర పెట్టి రాశాను, తర్వాత పాస్‌పోర్టులో ఉన్నట్టు ముందు పెట్టాను. దాంతో కంప్యూటరు దృష్టిలో ఇద్దరినయ్యాను. ఒకడి పేపర్లకు సైటేషన్లు 9, 5. రెండోవాడివి 7, 4, 3. ఒకడి ఇండెక్స్ రెండు, ఇంకొకడిది మూడు, ఇద్దర్నీ కలిపితే నాలుగు! ఈ కూడిక నీ బ్యాంకులో చెల్లదు.

ఆ చిరాకులో అర్ధరాత్రి ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు కొట్టి చూశాను. ఆయన పేరూ చీలిపోయే ఉంది, కొన్నిచోట్ల బప్పు, కొన్నిచోట్ల వైను బప్పు. ప్రాణం లేచొచ్చింది. పుట్టింది మద్రాసులో అయినా ఆయన మన హైదరాబాదువాడే అనుకో. నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశాడు, ఈయన నిజాం కాలేజీలో చదివాడు. స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లి, 1949లో ఇంకా విద్యార్థిగా ఉండగానే ఒక తోకచుక్కను పట్టాడు.

ఆయన అసలు పేపరు 1957ది, ఓలిన్ విల్సన్ అనే అమెరికా ఖగోళవేత్తతో కలిసి రాసింది. మీ ఊరి చెరువుగట్టు మీద చీకట్లో దూరంగా దీపం కనబడితే, అది దగ్గరున్న చిన్న బల్బో, ఎక్కడో ఉన్న పెద్ద లైటో చెప్పలేం కదా. చుక్కలతోనూ అదే తంటా. వీళ్లిద్దరూ సూర్యుడికంటే కాస్త చల్లగా, ఎర్రగా ఉండే నక్షత్రాల కాంతిని విడదీసి, అందులో కాల్షియం వేసే ఒక నల్లగీతను పట్టుకున్నారు. ఆ గీత నడుమ సన్నటి వెలుగు చార ఉంటుంది. నక్షత్రం అసలు ప్రకాశం ఎంత ఎక్కువైతే చార అంత వెడల్పు. చార ఎంత మెరుస్తుందో అనవసరం, వెడల్పు ఒక్కటే చాలు. అసలు ప్రకాశం తెలిస్తే దూరం తెలిసిపోయినట్టే. ఎందుకలా అవుతుందని దశాబ్దాలపాటు వాదించుకున్నారు.

ఆ పేపరు మీద ఏడీఎస్ కోడ్ చూశాను. సంవత్సరం, పత్రిక, సంపుటి, పేజీ, చివర ఒక్క అక్షరం, 'డబ్ల్యూ'. మొదటి రచయిత ఇంటిపేరులోని తొలి అక్షరం అది, అంటే విల్సన్. బప్పుకు ఆ కోడ్‌లో చోటే లేదు. (2016లో గురుత్వ తరంగాల పేపరుకు వెయ్యిమందికి పైగా రచయితలు. అక్షరక్రమంలో అబ్బాట్ అనేవాడు ముందొచ్చాడు కాబట్టి లోకమంతా 'అబ్బాట్ తదితరులు' అంటుంది. ఇంటిపేరు బలం!) పైగా ఇప్పుడు చాలామంది 'విల్సన్-బప్పు ఎఫెక్ట్' అని పేరు రాసేసి ఊరుకుంటారు, పేపరును ఉదహరించరు. పేరు నిలిచింది, లెక్క తగ్గింది.

కావలూరు అబ్జర్వేటరీ సంగతైతే ఏ గడిలోనూ పట్టదు. తమిళనాడు జవాది కొండల్లో అడవి మధ్య ఆ చోటును బప్పు ఎంచి, 1972కల్లా ఒక మీటరు టెలిస్కోపు నిలబెట్టాడు. 1977 మార్చి 10న యురేనస్ ఒక చుక్కను మరుగుపరిచినప్పుడు ఆ గ్రహం వలయాల జాడ ఆ టెలిస్కోపుకూ చిక్కింది. తర్వాత 2.34 మీటర్లది మొదలుపెట్టాడు, అది పూర్తికాకముందే 1982లో మ్యూనిక్‌లో పోయాడు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు. దాంతో తీసిన ఫోటోల మీద ఎవరెవరో పేపర్లు రాసుకున్నారు. ఆయన ఇండెక్స్‌కు ఒక్కటీ కలవదు.

సరే, ఫారం పంపేశాను. నాలుగు అనే రాశాను, ఐదు చేయడానికి చెయ్యి లాగింది గానీ. ఫలితం ఎప్పుడో చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. మా అమ్మ ఫోన్ చేస్తే ఏమీ తెలియనట్టు ఉండు.

వేసవిలో సెలవు పెట్టి రారా. కావలూరులో శనివారాలు జనాన్ని రానిస్తారు, మబ్బు లేకపోతే టెలిస్కోపులో చూడొచ్చు. వదిన పెట్టిన ఆవకాయ సీసా ఒకటి పట్టుకురా, పోయినసారి మర్చిపోయావు.

నీ
మామ