సైకాలజీ చదివిన పిల్లలు ఆ తర్వాత ఎటు పోవాలి? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మాయి ఎంఎస్సీ సైకాలజీ చివరి ఏడాదిలో ఉంది. చుట్టాలు అప్పుడే ‘డాక్టరమ్మ’ అంటున్నారు. కానీ ఆ డిగ్రీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టు (మానసిక సమస్యలకు మందులు లేకుండా చికిత్స చేసేవాళ్లు) అని బోర్డు పెట్టుకోవడానికి లేదు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి, వాళ్ల రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి. ఇన్నాళ్లూ ఆ కోర్సంటే ప్రధానంగా పీజీ తర్వాత చేసే రెండేళ్ల ఎంఫిల్. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022లో ఎంఫిల్‌నే ఎత్తేసింది. తర్వాత క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. ఆపైన ఏం చదవాలని అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. టెన్షన్ తగ్గించడం నేర్చుకునే పిల్లలకే ఇంత టెన్షన్!

నిబంధనలు ఢిల్లీవే, ఒప్పుకుంటాను. కానీ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం మన ప్రభుత్వానిదే కదా. అక్కడ రోగులున్నారు, సైకియాట్రిస్టులున్నారు. శిక్షణకు అంతకన్నా మంచి చోటు ఏముంటుంది? ఆర్‌సీఐ అనుమతితో అక్కడ సరిపడా సీట్లు ఉండేలా చూడండి. ఫీజు మాలాంటివాళ్లు కట్టగలిగేలా ఉండాలి, స్టైపెండ్ కూడా ఇవ్వాలి. రెండేళ్లు జీతం లేకుండా వార్డుల్లో పనిచేయడం ఉన్నవాళ్ల పిల్లలకే చెల్లుతుంది.

ఇంకొకటి. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని కింద ఎవరు, ఎక్కడ రిజిస్టర్ కావాలో వచ్చే అడ్మిషన్ల లోపే తెలుగులో ప్రకటించండి.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక తల్లి