ఆపరేషన్ తర్వాత దాహం తీర్చే దారి చూడాలి

సంపాదకులు గారికి,

తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో మా అమ్మకు ఆపరేషన్ జరిగినప్పుడు, తెలివి వచ్చిన క్షణం నుంచి ఆమె నొప్పి మాట ఎత్తలేదు, నాలుక అంగిటికి అతుక్కుపోతోందని, చుక్క నీళ్లు పోయమని బతిమాలుతూనే ఉంది. మత్తు పూర్తిగా దిగకముందే నీళ్లు తాగిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉన్నమాట నిజమే. అయితే ఉపవాసం, లాలాజలాన్ని తగ్గించే గ్లైకోపైరోలేట్ వంటి మందులు, ఆక్సిజన్ మాస్కు కలిసి నోటిని ఎండగట్టేస్తాయి. రోగి దగ్గగలిగి, మింగగలిగితే డాక్టరు అనుమతితో చిన్న ఐసుముక్క చప్పరించనివ్వవచ్చు. అది కుదరకపోతే చల్లటి నీళ్లలో ముంచి పిండిన గాజుగుడ్డతో పెదవులు, నాలుక తడపవచ్చు. చివరికి ఒక నర్సమ్మ అలా తడిపితే, అమ్మ ఆ గుడ్డ అంచును పెదవులతో పట్టుకుని వదల్లేదు. మా జిల్లా ఆసుపత్రుల్లో ఈ చిన్న ఉపచారాన్ని ఎవరూ అడగకముందే చేసే ఏర్పాటు ఉండాలని వైద్యాధికారులను వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి