అనంతపురం కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: నడుము నొప్పే కదా అనుకున్నాం

కలెక్టర్ గారికి నమస్కారం.

మా నాన్న ఎనిమిది నెలలు నడుము నొప్పితో తిరిగారు. వేరుశనగ చేలో వంగి వంగి పట్టేసిందని సూదులు వేశారు. చివరికి బెంగళూరులో తేలింది, మైలోమా అని. ఎముక మజ్జలో మొదలయ్యే రక్త క్యాన్సర్. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి.

1990 నుంచి 2016 నాటికి ప్రపంచంలో దీని కొత్త కేసులు 126 శాతం పెరిగాయని అంచనా. జనాభా పెరగడం, ఆయుష్షు పెరగడమే ముఖ్య కారణాలు. మన దేశంలో క్యాన్సర్ రోగుల లెక్క రాసిపెట్టే క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1982లోనే మొదలైంది. మరి పక్క రాష్ట్రానికి పోయి చూపించుకునే మా జిల్లావాళ్లు ఎవరి లెక్కలో పడుతున్నారు? (ఆసుపత్రి కౌంటర్లో కూర్చున్నాయన్ని ఇదే అడిగితే నవ్వాడు.)

యాభై దాటి, నొప్పి తగ్గక, రక్తం తక్కువున్నవాళ్లకు పీహెచ్‌సీలోనే రక్తపరీక్ష చేసి హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), కాల్షియం చూడమని చెప్పండి. నాన్న సంచిలో పదకొండు ఎక్స్‌రేలున్నాయి సార్. రక్తపరీక్ష కాగితం ఒక్కటే, అదీ బెంగళూరుది.