మమ్మల్ని ఎవరూ తీసేయలేదట, మేమే మానేశామట! కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయా అని మైకు దొరికిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు. కొన్ని పోతాయి, అంతకంటే ఎక్కువ వస్తాయి అని పెద్దలు జవాబు చెబుతున్నారు. సంతోషం. మరి పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది సార్? మీ శాఖలో ఉండే అవకాశమే లేదు. కాగితాల ప్రకారం మా మెడికల్ కోడర్లను ఎవరూ తీసేయలేదు కదా! మేమే 'వ్యక్తిగత కారణాల వల్ల' రాజీనామా చేశాం. ఒకే ఫ్లోర్‌లో, ఒకే వారంలో, అచ్చుగుద్దినట్టు ఒకే వాక్యంతో అంతమందికి వ్యక్తిగత కారణాలు ఎలా వచ్చాయో అడిగిన అధికారి ఇప్పటిదాకా కనపడలేదు. అర్జీలు ఇచ్చాం, రసీదులు వచ్చాయి. మళ్లీ ఇచ్చాం, మళ్లీ రసీదులే వచ్చాయి. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను మెడికల్ కోడర్‌ని. బీఫార్మసీ, నర్సింగ్, మైక్రోబయాలజీ, ఫిజియోథెరపీ చదివి మన దగ్గర సరైన జీతం దొరకని పిల్లలంతా అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి నేర్చుకునే పని ఇది. సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) సర్టిఫికెట్ కోసం డాలర్ల లెక్కన ఫీజు కడతాం. నాలుగు గంటల్లో వంద ప్రశ్నలు, 70 శాతం వస్తేనే పాస్. అమెరికాలో డాక్టర్ రాసిన రిపోర్టు చదివి జబ్బుకో కోడు, వైద్యానికో కోడు వేస్తాం. అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని చూసే డబ్బు కడుతుంది. టైప్ 2 షుగర్ ఒక్కటే ఉంటే కోడు E11.9, దానివల్ల కిడ్నీ దెబ్బతింటే E11.22. వినడానికి చిన్న తేడానే. రిపోర్టులో డాక్టర్ దాన్ని ఏ మూల రాశాడో వెతికి పట్టుకోవడంలోనే మా అన్నం ఉంది.

2015 అక్టోబర్‌లో అమెరికా ఐసీడీ-10 అనే కొత్త జబ్బుల కోడ్ల పట్టికకు మారినప్పుడు జబ్బుల కోడ్లు 14 వేల నుంచి దాదాపు 69 వేలకు పెరిగాయి. ఇక కోడర్లకు తిరుగులేదన్నారు. ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు అప్పుడే అమీర్‌పేటలో మెట్రో పిల్లర్ల ఎత్తుకు లేచాయి.

ఏఐ యంత్రం ముందుగా ఎక్స్‌రేల దగ్గర మొదలుపెట్టింది. ఛాతీ ఎక్స్‌రే, రెండు వ్యూలు, కోడు 71046. ఇలాంటి పనికి మనిషి అక్కర్లేదని మేమూ ఒప్పుకుంటాం. తర్వాత మా సీట్ల దగ్గరికి వచ్చింది. ఇక మీరు కోడింగ్ చేయరు, మిషన్ వేసిన కోడ్లను సరిచూస్తారు, ఇది పెద్ద బాధ్యత అని చెప్పారు. బాధ్యత అంటే ఏమిటో వినండి. రోజువారీ టార్గెట్ పెరిగింది. క్వాలిటీ 95 శాతం దాటాల్సిందే. మిషన్ తప్పు వేసి మేం పట్టుకోలేకపోతే ఆ తప్పు మా ఖాతాలో పడుతుంది. మేం పట్టుకుని దిద్దితే, ఆ దిద్దుబాటు చూసి మిషన్ నేర్చుకుంటుంది. అలా నేర్పినందుకు ఒక్క రూపాయి అదనంగా రాలేదు. నేర్పడం పూర్తయ్యాక ప్రాజెక్టులో 'వాల్యూమ్ లేదు', అంటే సరిపడా పని లేదు అన్నారు.

ఇక ఆ గది సంగతి. ఫోన్ బయట పెట్టి రమ్మంటారు. లోపల హెచ్‌ఆర్ నుంచి ఇద్దరు, మా మేనేజరు ఉంటారు. మేనేజరు తలెత్తడు. ఎదురుగా ల్యాప్‌టాప్‌లో రాజీనామా పేజీ అప్పటికే తెరిచి ఉంటుంది. "మీరే నొక్కితే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం. లేదంటే పనితీరు బాగోలేక తీసేశామని రాస్తాం, రేపు ఏ కంపెనీ వెరిఫికేషన్‌లోనైనా అదే తేలుతుంది" అంటారు. ఇంటికి ఫోన్ చేసి అడిగి చెబుతానంటే కుదరదంటారు. నెల కూడా నిండని పసిబిడ్డ ఇంట్లో ఉన్నవాడు నొక్కాడు. చెల్లి పెళ్లి అప్పు తీరుస్తున్న అమ్మాయి నొక్కింది. నేనూ నొక్కాను. దీనికి కంపెనీ పెట్టుకున్న పేరు 'స్వచ్ఛంద నిష్క్రమణ'. స్వాతంత్ర్య సమరయోధులం కదా మరి, స్వచ్ఛందంగా త్యాగాలు చేస్తాం.

ఇప్పుడు మీ శాఖ దగ్గరికి వస్తాను. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం, 1988. అందులో 47వ సెక్షన్. సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా ఉద్యోగిని తీసేయకూడదని చెప్పేది అదే. ఆ సెక్షన్‌లోని మొదటి నాలుగు ఉపసెక్షన్ల నుంచి ఐటీ, ఐటీ ఆధారిత సంస్థలను మినహాయించిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రభుత్వాలు మారినా ఆ మినహాయింపు మాత్రం కొన్నేళ్లకోసారి పొడిగింపు పొందుతూనే ఉంది. బట్టల కొట్లో గుమాస్తాకు ఉన్న రక్షణ, అద్దాల మేడలో కూర్చున్న మాకు లేదు. పరిశ్రమ అప్పుడు పసిది, కాపాడుకోవాలి అన్నారు. ఇప్పుడది హైదరాబాద్‌ను శాసిస్తోంది. ఇంకా ఎన్నేళ్లు పసిదిగా ఉంటుంది సార్?

కేంద్ర చట్టం ఉంది కదా అంటారేమో. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. తీసేసిన కార్మికుడికి కొత్త పని నేర్చుకోవడానికి 15 రోజుల జీతం యజమాని నిధిలో జమ చేయాలని, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలని అందులో ఉంది. రాజీనామా చేసినవాడికి అది వర్తించదు. ఎవరి చేత ఎందుకు నొక్కిస్తున్నారో ఇప్పుడైనా అర్థమైందా?

2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ ఏఐ సదస్సు జరిపారు. ఏఐ అందరికీ ఉపయోగపడాలన్నదే దాని నినాదం. 200 ఎకరాల్లో ఏఐ సిటీ అన్నారు. స్కిల్ యూనివర్సిటీ పెట్టారు. మంచివే, కాదనను. ఆ 'అందరి'లో మేము ఉన్నామా లేదా అన్నదే నా సందేహం. మళ్లీ నేర్చుకోండి అని సలహా ఇస్తున్నారు. నేర్చుకుంటాం. ఏఐకి ప్రాంప్ట్‌లు (సూచనలు) రాయడం మీద ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకున్నాను కూడా. ఇంటర్వ్యూలో దాన్ని చూసి చిన్నగా నవ్వి, "కోడింగ్ అనుభవం ఎంత?" అని అడిగారు. ఎనిమిదేళ్లన్నాను. అంత అనుభవానికి తగ్గ జీతం ఇవ్వలేమన్నారు.

మిషన్లను ఆపమని అడగడం లేదు, అది మీ చేతిలోనూ లేదు. 47వ సెక్షన్ మినహాయింపును ఇక పొడిగించకండి. ఒక సంస్థలో ఒకే నెలలో గుంపుగా రాజీనామాలు వస్తే అది రాజీనామానా, తొలగింపా అని మీ అధికారి వెళ్లి అడిగేలా చేయండి. కంపెనీలో ఉద్యోగుల సంఖ్య ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో మీ శాఖకు చెప్పి తీరాలని ఉత్తర్వు ఇవ్వండి. ఆ గదిలోకి ఫోన్ తీసుకెళ్లే హక్కు ఇప్పించినా చాలు, నవ్వకండి సార్, నిజంగానే అడుగుతున్నాను. ఇవేవీ కుదరకపోతే, రసీదు కాకుండా ఒక్క జవాబు ఇవ్వండి. కాదు అన్న జవాబైనా ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్, హైదరాబాద్
(పేరు రాయడం లేదు. రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు.)