అక్క ఇంటికొచ్చింది, అందరికీ పేరుపేరునా థ్యాంక్స్

అందరికీ నమస్కారం. వరసగా ఫోన్లు వస్తున్నాయి, ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. పోయిన బుధవారం మా అక్క రాజమండ్రి మహిళా జైలు నుంచి విడుదలై కంచరపాలెం వచ్చేసింది. తొమ్మిదేళ్లయింది.

కేసేంటో కొంతమందికే తెలుసు. తెలియనివాళ్లు ఎలాగూ ఇంకొకర్ని అడుగుతారు, అదేదో నేనే చెప్తా. 2016లో అక్క చేతిలో బావ చనిపోయాడు. పదకొండేళ్ల కాపురంలో అక్క తిన్న దెబ్బలేవీ కోర్టు రికార్డులోకి ఎక్కలేదు, రోకలి మాత్రం ఎక్కింది. ఎదుటివాడు అప్పటికప్పుడు తీవ్రంగా రెచ్చగొడితే, ఆ కోపంలో జరిగినదాన్ని చట్టం హత్య కింద లెక్కేయదట. కానీ ఆ రాత్రి బావ నిద్రలో ఉన్నాడు, అందుకని సెక్షన్ 302, జీవితఖైదు. మెలకువగా ఉన్నవాణ్ని ఎదిరించే సత్తువే ఉంటే మా అక్క పదకొండేళ్లు ఎందుకు పడుతుంది?

ముందు థ్యాంక్స్ చెప్పాల్సింది జ్ఞానాపురంలో అక్క వాళ్ల పక్కింట్లో ఉండే పిన్నికి. అక్కని పెద్దాసుపత్రికి తీసుకెళ్లినప్పుడల్లా ఆ ఓపీ చీటీలు తనే దాచింది, ఇంట్లో పెడితే బావ చింపేస్తాడని. హార్లిక్స్ డబ్బాలో, మడతల దగ్గర పచ్చబడిపోయి, నాలుగు చీటీలు. మూడింట్లో ‘మెట్ల మీంచి జారిపడింది’ అని ఉంది, ఎందుకంటే అక్క అలాగే చెప్పింది, బావ గుమ్మం దగ్గర నిలబడితే ఇంకేం చెప్తుంది. నాలుగోదాంట్లో మాత్రం ‘భర్త కొట్టాడని చెబుతోంది’ అని ఒక లైను. ఎవరో రాత్రి డ్యూటీ డాక్టరు, పేరు కూడా సరిగ్గా కనబడటం లేదు. ఆయనకో ఆవిడకో, ఎవరైతేనేం, దండం.

కేసు నడిచేటప్పుడు ఈ డబ్బా ఎందుకు బయటికి రాలేదంటే ఎవరూ అడగలేదు, పిన్నికి కోర్టంటే భయం. ఆటో అమ్మేసి మేం పెట్టుకున్న లాయరు ఆవిణ్ని సాక్షిగా పిలవనే లేదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయర్ని పెడుతుందని, 1987 నాటి చట్టంలోనే ఉందని, నాకు ఆటో పోయాక తెలిసింది. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా అవసరం పడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

అలా దొరికిన లాయరు మేడం గురించి ఎంత రాసినా తక్కువే. 2020 నవంబరులో మన రాష్ట్రంలో జీవితఖైదు పడ్డ 53 మంది ఆడవాళ్లని విడిచిపెట్టారు, గుర్తుందా? అయిదేళ్లు నిండినవాళ్లకన్నారు, అక్కకి నిండలేదు. ములాఖత్‌లో ఆ మాట చెప్పడానికి సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాను, చెప్పలేక వాళ్ల అబ్బాయి మార్కుల గురించి మాట్లాడి తిరిగొచ్చేశాను. ఇంక 14 ఏళ్లు పూర్తయ్యేదాకా దారి లేదనుకున్నాం. మేడమే చెప్పింది, 14 ఏళ్లన్నది ప్రభుత్వం మామూలుగా ఇచ్చే రెమిషన్‌కి, అంటే శిక్ష తగ్గింపుకి, రాజ్యాంగం 161వ అధికరణం కింద క్షమించడానికి గవర్నరుకున్న అధికారానికి ఆ గీత అడ్డు రాదని సుప్రీంకోర్టు 1980లోనే మారూరామ్ కేసులో తేల్చిందని. ఇంగ్లండులో కిరణ్‌జిత్ అహ్లువాలియా అనే పంజాబీ ఆవిడ సంగతి కూడా చెప్పింది. ఏళ్ల తరబడి కొట్టిన భర్తకి నిద్రలో ఉండగా నిప్పంటించింది, ఆయన చనిపోయాడు, జీవితఖైదు పడింది, 1992లో అప్పీలు కోర్టు ఆ హత్య తీర్పుని కొట్టేసింది. మన కేసుకి అది పనికొస్తుందని కాదు, మీ అక్క ఒక్కతే కాదు అని చెప్పడానికి.

గవర్నరుకి పెట్టే అర్జీకి నన్ను కూడా అఫిడవిట్ రాయమంది మేడం. ఏం చూశావో అది రాయి, ఏం చేశావో అదీ రాయి అంది. నేను చేసిందేంటంటే, పన్ను ఊడి అక్క మా ఇంటికొచ్చిన రోజు, “పిల్లాడి మొహం చూసైనా సర్దుకో అక్కా” అని చెప్పి నా ఆటోలోనే తిరిగి దింపొచ్చాను. నూట యాభై రూపాయల బేరం వదులుకుని మరీ. ఆ నాలుగు లైన్లు రాయడానికి రెండు రోజులు పట్టింది. బావ తరఫువాళ్లలో ఒకాయన ‘అభ్యంతరం లేదు’ అని సంతకం పెట్టారు, ఆయన ఎవరో చెప్పను, ఊళ్లో ఆయన తలెత్తుకు తిరగాలి. కానీ ఆ సంతకం విలువ మాకు తెలుసు.

ఫైలు ఎక్కడెక్కడ ఎన్ని నెలలు ఆగిందో రాస్తే ఇది కృతజ్ఞతల పోస్టు అవ్వదు, వదిలేస్తున్నా. పూచీకత్తుకి వచ్చిన ఇద్దరు ఆటో స్టాండు అన్నయ్యలకి, తొమ్మిదేళ్లూ మేనల్లుడి ఫీజు ఒక్కసారి కూడా గట్టిగా అడగని స్కూలు కరస్పాండెంటు గారికి కూడా థ్యాంక్స్.

వచ్చేటప్పుడు రైల్లో అక్క జైల్లో కుట్టుపని చేసి సంపాదించిన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టింది, అన్నవరం దాటాక ఒకసారి, దువ్వాడలో ఒకసారి. తర్వాత పిన్నికి ఏం ఇష్టమని అడిగింది. మర్నాడు పూర్ణా మార్కెట్ నుంచి నెత్తళ్లు తెప్పించి పులుసు పెట్టి, తనే జ్ఞానాపురం తీసుకెళ్లింది. పిన్ని గిన్నె అందుకుని, “ఉప్పు తగ్గిందే” అంది.