టీచరు కావలెను, గ్రామర్ రాకపోయినా ఫర్వాలేదు

సంపాదకుల వారికి,

‘మంచి ఇంగ్లీషు టీచర్లు దొరకడం లేదు’ అని ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలు వాపోతున్నట్లు పదిరోజుల కిందట మీ గుంటూరు జిల్లా పేజీలో చదివాను. అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. మొన్న మా కోడలు ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ చేసింది. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ కూడా పాసైంది. డెమో క్లాసు మొదలుపెట్టి ఐదు నిమిషాలు కాకముందే కరస్పాండెంటు గారు ఫోన్లోంచి తలెత్తి, “సబ్జెక్టు ఓకే అమ్మా, యాక్సెంటే లేదు” అన్నారట. తర్వాత అడిగినవి రెండే ప్రశ్నలు. వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరుగుతారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెడతారా? జీతం సంగతి ఎత్తితే “ముందు చేరండి, చూద్దాం”. ఆ స్కూలు గేటు మీది బ్యానరులో ‘గ్రామర్’ స్పెల్లింగు తప్పు. ‘ఏ’ ఉండాల్సిన చోట ‘ఇ’ కూర్చుంది.

నేను ముప్ఫై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. నాది అచ్చం తెనాలి యాస. తెలుగులో ‘ఏ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్ లేవు కనక మన పిల్లలు వాటిని మింగేస్తారు. ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ అన్నది మనసులో పెట్టుకుని ‘ఐ యామ్ హావింగ్’ అంటారు. తప్పు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుని, నోటుపుస్తకం దిద్ది, మళ్లీ రాయించేవాళ్లు కావాలి. ఆ సంగతి మా కోడల్ని ఒక్కరూ అడగలేదు.

ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పడానికి టెట్ ఉండాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2010లోనే చెప్పింది. ప్రైవేటు బడులకేమీ మినహాయింపు లేదు. మరి తనిఖీకి వెళ్లే అధికారులు అక్కడ ఏం చూసి వస్తారో, ఏం తాగి వస్తారో వారికే తెలియాలి. ప్రభుత్వాలు సరేసరి. 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నారు, 2023లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష అన్నారు. పదో తరగతి పిల్లాడు సొంతంగా ఒక సెలవు చీటీ రాయగలడా అని చూసిన నాథుడు లేడు. తల్లిదండ్రులూ తక్కువ తినలేదు. పిల్ల ‘మమ్మీ’ అంటే చాలు, ఫీజు గిట్టినట్టే.

అన్నట్టు, ఆ స్కూలు ప్రకటన నిన్న మళ్లీ మీ పత్రికలోనే వచ్చింది. ఈసారి ‘అనుభవం అవసరం లేదు’ అని కొత్తగా చేర్చారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు మాస్టారు,
బ్రాడీపేట, గుంటూరు