ఇప్పుడే రాను మామా, జర ఆగు

హన్మకొండ

అరే మామా,

నీ వాయిస్ మెసేజులు అన్నీ విన్న. ఆఖరిదైతే మళ్లీ పెట్టుకొని విన్న, తిట్లు కొత్తగున్నయని. "సినిమా కథ రాసుకుంటున్నోడివి, ఆ లోకల్ ఛానల్ల ఏం పీకుతున్నవ్‌రా, బట్టలు సదురుకొని హైదరాబాద్‌ల సినిమోళ్లుండే కృష్ణానగర్ రా" అన్నవు. ఫోన్ల చెప్తే మధ్యల అడ్డం పడతవు, అందుకే రాస్తున్న. మొత్తం చదివినంకనే తిట్టు.

ముందుగాల నేను చేసే పనేందో నీకు సక్కగ తెల్వదు. ఐడీ కార్డు మీద ట్రైనీ సబ్ ఎడిటర్ అని ఉంటది. పొద్దుగాల స్ట్రింగర్లు, అంటే ఊర్లల్ల ఉండే విలేకర్లు, వాట్సాప్‌ల పంపిన వార్తలు 'అను' అనే తెలుగు ఫాంటుల కొట్టాలె, కింద పోయే స్క్రోలింగ్ మార్చాలె, కెమెరా అసిస్టెంట్ రాని రోజు ట్రైపాడ్ మొయ్యాలె, పొద్దుమీకి బులెటిన్‌కు ప్రాంప్టర్, అంటే యాంకర్ చూసి చదివే తెర, తిప్పాలె. లీడర్ల పుట్టినరోజు యాడ్లు, బంగారం షాపు యాడ్లు గూడ నాతోనే రాయిస్తరు. దానికి పైసలుండయ్, అది వేరే ముచ్చట.

ప్రాంప్టర్ అంటే అల్కటి పని అనుకుంటరు. యాంకరమ్మ ఊపిరి ఎక్కడ తీసుకుంటదో తెలిసుండాలె. నేను పొడుగు వాక్యం కొట్టిన రోజు మధ్యల గుక్క తిప్పుకోలేక ఆమె నా దిక్కు చూసే చూపుంటది చూడు, ఆ చూపుకే నా వాక్యాలు సగానికి సగం తెగినయ్. ఇప్పుడు సీన్ల డైలాగు రాసినా ముందు పైకి చదువుత. నోరు తిరగకపోతే కొట్టేస్త.

అసలు చెప్పాల్సింది వరంగల్ ఎనుమాముల మార్కెట్ సంగతి. మిర్చి సీజన్ల మమ్ముల ఊకె అటే తోలుతరు. జెండా పాట, అంటే ఆ రోజు వేలంల పలికిన పై రేటు, ఎంతుందో అదే వార్త. తేజ ఇంత, వండర్ హాట్ ఇంత, 2025ల జీఐ గుర్తింపు వచ్చిన మన చపాట ఇంత. కానీ ఆ రేటు అందరికీ రాదు గదా. మంచి సరుకు చూసి జెండా పాట పాడుతరు, మిగిలినోళ్ల బస్తాల కాడికొచ్చి తేమ ఉన్నది, తాలు (పనికిరాని కాయ) ఉన్నదని రేటు కోసుకుంట పోతరు. టీవీల రేటు చూసి వచ్చినోడు కాంటా కాడ మొఖం వేలాడేసుకుంటడు.

మొన్న నర్సంపేట దిక్కు పెద్దమనిషి, మిర్చి రైతు ఒకాయన కెమెరా ముంగట బైట్ ఇచ్చిండు. ఛానల్ లోగో ఉన్న మైకు మూతి కాడ పెట్టంగనే తువ్వాల సదురుకొని "ప్రభుత్వం వెంటనే స్పందించి రైతులను ఆదుకోవాలని కోరుతున్నాం" అన్నడు. అచ్చం మా బులెటిన్ భాష, మా దగ్గరనే నేర్చుకున్నట్టు. కెమెరా బంద్ చేసినం. అప్పుడు బస్తాలకెల్లి ఒక కాయ తీసి నా చేతుల పెట్టిండు. "దీన్ని తాలు అన్నడు సారు ఆ కొనేటోడు. ఇవి ఏరి ఏరి మా ఇంటామె చేతులు మండి, రెండు పూటలు బువ్వ నేనే కలిపి పెట్టిన. తాలో కాదో ఆమెనొచ్చి అడుగుమను" అన్నడు. కెమెరామెన్ అన్న అప్పటికే వైరు చుట్టుకుంటుండు. బులెటిన్ల మొదటి ముక్కే పోయింది. రెండోది నా నోట్‌బుక్కుల ఉన్నది, నా సినిమా కథల తండ్రి పాత్ర అంతా దాని మీదనే నిలబడ్డది.

2026 జనవరిల మేడారం జాతరకు గూడ పోయిన. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తున్నప్పుడు ఎస్పీ గాల్లోకి తుపాకి పేల్చే షాటు కోసం అన్ని ఛానళ్లోళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నరు. నేను తప్పిపోయినోళ్ల పేర్లు మైకుల పిలిచే కాడ కూసున్న. ఒక అవ్వ కొడుకు పేరు చెప్పదు, "మా పెద్దోడు" అనుకుంటనే ఏడుస్తది. ఆఖరికి మైకుల "పెద్దోడు ఎక్కడున్నా రావాలె" అని పిలిచిన్రు. ఎంతమంది పెద్దోళ్లు ఉరికొచ్చిన్రో! అది నవ్వే సీనో ఏడ్చే సీనో నాకు ఇప్పటికీ తేలలేదు.

కృష్ణానగర్‌ల ఇవి దొరుకుతయా చెప్పు. పోయినసారి మీ రూముకొస్తే ఛాయ్ బండి కాడ అందరూ చూసిన సినిమాల ముచ్చట్లే పెట్టిన్రు, సొంత ఊరి మాట ఒక్కడు ఎత్తలేదు. కోపం రావద్దు, నువ్వు గూడ అంతే. అసిస్టెంట్‌కు అసిస్టెంటువై తిరుగుకుంట ఏం రాసినవో నిజం చెప్పు.

ఇక్కడ సుఖమని గాదు. జీతం ఎప్పుడొస్తదో దేవునికెరుక. రాత్రి ఇంటికొచ్చేసరికి కండ్లు మూతలు పడతయ్, సీను సగంల ఆగుతది. మా మేనమామ ఒకడు, కలిసినప్పుడల్లా "మన చల్లగరిగె చంద్రబోస్ 2023ల ఆస్కర్ తెచ్చిండు, నువ్వు స్క్రోలింగే కొడుతున్నవ్" అంటడు. ఆస్కరంటే ఆర్టీసీ బస్సుల సీటు అనుకుంటుండు, తువ్వాల ఏస్తే అయిపోతదని.

ఇగ నువ్వు చెప్పిన కో-డైరెక్టర్ సంగతి. కథ లైన్ రెండు ముక్కలల్ల చెప్పు, నచ్చితే చూద్దామన్నడట. చెప్పను మామా. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఉత్త ఐడియాకు హక్కు ఉండదు, కాయితం మీద రాసినదానికే ఉంటది. పూర్తిగ రాస్త, సినిమా రచయితల సంఘంల రిజిస్టర్ చేయిస్త, అటెనుక ఎవలకంటే వాళ్లకు కూసొని నరేషన్ ఇస్త. మిర్చి సీజన్ అయిపోతే లీవ్ దొరుకుతది. శాతవాహన రైలుకు కాజీపేటల ఎక్కుత.

అప్పటిదాంక నీకు రెండు పనులు. సంఘం ఆఫీసుకు పోయి రిజిస్ట్రేషన్‌కు ఎంత, ఏమేం కాయితాలు కావాలె కనుక్కో. రెండోది, ఇంటర్వెల్ దాంక ఉన్న సీన్లు మీ అన్న వచ్చేటప్పుడు పంపుత, అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కుతోని. ఎర్ర పెన్ను పట్టుకొని చదువు. ఫోన్ జేసి "సూపర్ మామా" అంటే ఊకోను. పద్నాలుగో సీన్ల కొడుకు మార్కెట్‌కు ఎందుకొస్తడో నాకే నమ్మబుద్ధి అయితలేదు, అది ముందు చూడు.

నీ
హన్మకొండోడు